పాచి పట్టిన కుంట

పాచిని గుఱించి వ్యాసము వ్రాయుటయా యని కొందఱు నవ్వవచ్చును. నవ్వుదురు గాక! రాయలసీమ మెట్టపొలములలో వాననీటిని నిలుపుకొనుటకై పంటకుంట త్రవ్వుకొన్న యింటివారికి మాత్ర మిది నవ్వులాట కాదు. వాడుచున్న చీనీచెట్ల కొక్క తడి పెట్టవలెనన్నను, పశువులకు నీరు చూపవలెనన్నను ఆ కుంటయే దిక్కు. బిందుసేద్యపు గొట్టములలో పాచి చేరి రంధ్రములు మూసికొనిపోయిన నాడు ఆ యింటివారి మొగములు చూడవలెను.

మే మెఱిగిన యొక గ్రామమున ఒక ఆసామి కుంట మాఘమాసమునాటికే ఆకుపసరు పోసినట్లు పచ్చబడెను. ఇందుకు కారకులెవరు? కూలివాడ స్త్రీలు గట్టున బట్టలుతుకుచున్నారు. వారి యెనుములు నీటిలో దిగుచున్నవి. ఇంకేమి విచారణ కావలెను? గట్టుచుట్టును ముండ్లకంచె వేయించిరి. కూలివాడవారు అరమైలు దూరమునందలి బోరుబావినుండి నీళ్లు మోయ మొదలిడిరి. మఱుసటియేడు కుంట మఱింత పచ్చబడెను. అంతట మైలుతుత్తము తెచ్చి నీటినిండ చల్లించిరి. రెండు దినములలో నీరు కొంత తేరినది. మూడవనాటి వేకువకు చేపలన్నియు వెల్లకిల తేలినవి. దీనికి కూలివాడవారి దిష్టియే కారణమని యొక పెద్దమనిషి యనగా మేము స్వయముగా వింటిమి.

ఆ చేపలను ఎవరి దిష్టియు చంపలేదు. పాచి పగటియెండలో ప్రాణవాయువును విడుచును. రాత్రివేళ తానే దానిని పీల్చును. కావుననే పచ్చని కుంటలో వేకువజామున ప్రాణవాయువు మిక్కిలి తక్కువగా నుండును. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును. అట్టి నీటిలో పాచినంతయు ఒక్కమాఱుగా చంపినచో అది క్రుళ్లును. దానిని క్రుళ్లించు సూక్ష్మజీవులు మిగిలిన ప్రాణవాయువును గూడ హరించును. మైలుతుత్తము క్రొత్తమందు కాదు. 1904లోనే అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్మన్ అనువారు నీటిపాచిపై దీని ప్రభావమును ప్రకటించిరి. అది పాచిని చంపుననుట నిజమే. కాని చంపిన పాచిలోని సారము కుంటలోనే యుండి మరల పాచి యగును, రాగి బురదలో మిగిలిపోవును. నీలియాకుపచ్చ పాచిలో కొన్ని జాతులు విషము గలవి. వానిని మందుతో పగులగొట్టినచో ఆ విషము నీటిలో కలియును. అట్టి నీరు త్రాగి పశువులు చచ్చుటను గూర్చి 1878లోనే జార్జి ఫ్రాన్సిస్ 'నేచర్' పత్రికలో వ్రాసెను. అది దక్షిణ ఆస్ట్రేలియాలోని అలెగ్జాండ్రినా సరస్సు సంగతి.

మఱి పాచి కాహార మేది? 1973లో కెనడాదేశపు ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ బృందమువారు ఒక చిన్న సరస్సును నడుమ తెరకట్టి రెండు భాగములు చేసిరి. ఒక భాగమున కర్బనమును, నత్రజనిని కలిపిరి. రెండవదానిలో ఆ రెంటితోపాటు భాస్వరమును గూడ కలిపిరి. భాస్వరము పడిన భాగము మాత్రమే దట్టముగా పచ్చబడెను. ఆకాశమునుండి తీసిన ఆ సరస్సు ఛాయాచిత్రమును చూచినవారికి వేఱు వ్యాఖ్యాన మక్కఱలేదు.

ఇక మన కుంటకు వత్తము. 50 కిలోల డి.ఏ.పి. బస్తాలో సుమారు 10 కిలోల భాస్వరము కలదు. చల్లిన మఱునాడే జడివాన కురిసినచో ఆ యెఱువు పైమన్నుతో కొట్టుకొనివచ్చి పల్లమున నున్న కుంటలో చేరును. కూలివారి సబ్బునీటిలోను, ఎనుముల పేడలోను పాచికి మేత లేదని మేమనము, ఉన్నది. కాని మిట్టమీది వేరుసెనగ చేనికి ఏటేట పడు బస్తాల లెక్క ఆ యాసామి పద్దుపుస్తకములోనే యున్నది గదా! కంచె వేయుటకు ముందు దానిని తెఱచినవారు లేరు. ముండ్లకంచె మనుష్యుల నాపెను, వాననీటి నాపలేదు.

ఆ మాట అడిగినది ఆ యింటి కోడలు. "మామయ్యా, నీళ్లు కుంటలోనికి వచ్చుదారి ఎటునుండి?" అని యామె ప్రశ్న. ఆసామి బదులు చెప్పలేదుగాని, నీరు దిగుచోట ఒండ్రు నిలుచుటకు చిన్నగుంత త్రవ్వించెను. దాని మీదివైపున గరికపట్టె పెంచిరి. ఎఱువును పైన చల్లుట మాని గొఱ్ఱుతో మన్నులో పడునట్లు వేసిరి. దారములవలె అల్లుకొన్న పాచిని వెదురుదోటితో లాగి, మరల నీటిలోనికి కారకుండ దూరమున పెంటదిబ్బలో వేసిరి. వేసవిలో నీరెండగానే అడుగుబురదను తీయించి చేనికి తోలించిరి. చెఱువుమన్ను చేనికి తోలుట మన పెద్దలకు తెలియని విద్య కాదు, మనము మఱచినది. అడుగుబురదలో పాతభాస్వరము చాలకాల ముండును గనుక ఒక్కయేటితో తేటనీరు కనబడదు. ఈయేడు పాచి గట్టువెంబడి మాత్రమే యున్నది. గొట్టములు రెండుమాఱులే మూసికొనినవి.

కంచె మాత్ర మింకను ఉన్నది. పశువులకు కంచెవెలుపల తొట్టి కట్టించుటకు ఆసామి యొప్పుకొనెను. దాని ప్రక్కనే బట్టలబండ వేయించి, ఆ నీటిని అరటిచెట్లకు పాఱించవలెనని కోడలు పట్టుబట్టుచున్నది. ఉగాది దాటిన పిమ్మట చూతమని యాతడనుచున్నాడు. కూలివాడ స్త్రీలు నేటికిని బిందెలతో బోరుబావికే పోవుచున్నారు.