ఇంజనుకు పథ్యం

మొన్న జూన్ 15, తెల్లవారుజాము. ఆ వేళప్పుడు కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరు ఒడ్డున నిలబడితే పక్కవాడి మాట వినపడదు. 61 రోజుల వేట నిషేధం అర్ధరాత్రితో తీరిపోయింది మరి. ఏప్రిల్ 15 నుంచి ఒడ్డున కట్టేసి ఉన్న బోట్లన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ సముద్రం వైపు పరిగెడుతున్నాయి. ఐసు పెట్టెలు, వలలు, అరుపులు, పొగ. ఆ హడావుడిలో మా ఫైబర్ బోటు ఒక్కటే ఊరేగింపు వెనక నడిచే ముసలమ్మలా నెమ్మదిగా వెళుతోంది.

"తెడ్డేసుకున్నా మీకంటే ముందే ఎల్తాం కదరా!" పక్క బోటులోంచి ఎవరో అరిచారు. తమ్ముడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మాది 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు ఇంజను. బోటు వెనక చెక్కకు బిగించి, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. నిషేధం రోజుల్లో దాన్ని పూర్తిగా విప్పించి బాగుచేయించాం. బోరు కొట్టించి ఒక సైజు పెద్ద పిస్టను వేశారు. కొత్త రింగులు, బేరింగులు, వాటర్ పంపులో కొత్త ఇంపెల్లరు పడ్డాయి. డబ్బు నేను పంపాను. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న అన్న తమ్ముణ్ని ఆదుకున్నాడని దుమ్ములపేటలో నాకు మంచి పేరే వచ్చింది. ఆ పేరు గొంతులో ముల్లులా అడ్డం పడింది. ఎందుకంటే ఆ ఇంజను పాడుచేసింది నేనే.

పోయినేడు కూడా ఇదే రోజుల్లో సెలవు పెట్టి వెళ్లాను. అప్పుడూ ఇంజను కొత్తగా బోరు కొట్టించుకుని వచ్చింది. చాలాకాలం తర్వాత సముద్రం మీదకు వెళ్లిన సంబరం. "ఒక్కసారి నాకివ్వరా" అని హ్యాండిల్ తీసుకున్నాను. పక్కన ఇంకో బోటు మమ్మల్ని దాటిపోతుంటే పౌరుషం పొడుచుకొచ్చి ఏక్సిలేటర్ చివరిదాకా తిప్పేశాను. "వద్దన్నయ్యా" అని తమ్ముడు రెండుసార్లు అన్నాడు. పావుగంట బాగానే ఎగిరింది. తర్వాత ఇంజను గొంతు పీలగా మారింది, కిర్రుమంది, ఆగిపోయింది. తాడు లాగితే రాలేదు. పట్టేసింది. ఇంకో బోటు మమ్మల్ని తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చింది.

నాన్న ఒడ్డున ఉన్నాడు. "ఎవడ్రా లాగించింది?" అని అరిచాడు. తమ్ముడు తల దించుకుని "నేనే నాన్నా" అన్నాడు. నేను నోరు విప్పలేదు. మర్నాడు రైలెక్కేశాను. ఒక రిపేరుకు చేసిన అప్పు తీరకుండానే ఇంకో రిపేరు చేయించే దారి లేక, వాడు ఆ ఏడాదంతా ఇతరుల బోట్ల మీద కూలికి వెళ్లాడు. సొంత బోటున్న మనిషి!

ఈసారి మేస్త్రి ముందే చెప్పేశాడు. స్లీవును ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు కొట్టించుకోలేమట. ఇదే ఆఖరి సైజు. మళ్లీ పట్టేస్తే స్లీవే మార్చాలి.

పాతకాలం స్కూటర్లు కొన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మొదట్లో కొన్నాళ్లు 40 దాటనివ్వొద్దని షోరూములో చెప్పి పంపేవారు. ఇదీ అలాంటిదే. కొత్తగా బోరు కొట్టిన సిలిండరు గోడ చేతికి నున్నగానే ఉన్నా, దాని మీద సన్నటి అడ్డగీతలు ఉంటాయి. వాటిలో నూనె నిలవాలి. కొత్త రింగుల ఎత్తుపల్లాలు ఆ గోడకు రాసుకుని అరగాలి, రెండూ ఒకదానికొకటి అలవాటు పడాలి. ఈలోగా తొందరపడితే వేడి పెరిగిపోతుంది. అల్యూమినియం పిస్టను ఇనప స్లీవు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. మధ్యనున్న నూనె పొర తెగిపోయి, లోహం లోహాన్ని పట్టుకుంటుంది. పోయినేడు నా చేతిలో జరిగింది అదే.

అలాగని భయపడి నీళ్ల డ్రమ్ములో పెట్టి గంటల తరబడి చిన్నగా తిప్పినా పని కాదు. ఇంజను మీద బరువు పడాలి. లోపలి పేలుడు ఒత్తిడి రింగులను గోడకు నొక్కితేనే అవి సర్దుకుంటాయి. నిషేధం రోజుల్లో సముద్రం మీదకు పోకూడదు కాబట్టి, ఏడాదిలో అందరూ వేటకు ఎగబడే రోజునే మేం ఈ నడక నడవాల్సి వచ్చింది.

"బాలింతని సూసినట్టు సూడాలన్నయ్యా. పథ్యం తప్పితే మళ్లీ మంచం పట్టేత్తాది" అన్నాడు తమ్ముడు.

పథ్యం పది గంటలు. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పడం ముందురోజే డ్రమ్ములో అయిపోయింది. గంట నిండేదాకా సగం ఏక్సిలేటర్ దాటకూడదు. రెండో గంట ముప్పావు వరకూ. ఆ తర్వాత పదో గంట వరకూ పూర్తిగా తిప్పొచ్చు గానీ ఒక్కోసారి ఐదు నిమిషాలకు మించకూడదు. ఒకే వేగంలో ఉంచకుండా పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. లీటరు పెట్రోలుకు మామూలుగా 20 మిల్లీలీటర్ల నూనె కలిపేవాళ్లం, ఇప్పుడు 40 కలిపాం. అందుకే ఆ పొగ. దోమలు మాత్రం మా దరిదాపులకు రాలేదు.

హోప్ ఐలాండ్ చాటున సముద్రం చెరువులా ఉంటుంది. అక్కడే తిరిగాం. కోరంగి మడ అడవి పచ్చటి గీతలా కనిపిస్తోంది. తమ్ముడి కళ్లు మాత్రం ఇంజను పక్కనుంచి చిమ్మే నీళ్ల ధార మీదే ఉన్నాయి. అది సన్నబడితే లోపలికి చల్లదనం అందడం లేదని అర్థం. గంట తర్వాత ఇంజను ఆపి, చల్లారాక ప్లగ్గు విప్పి చూశాడు. కాఫీ పొడి రంగులో ఉంది. "బాగుంది" అని నాకూ చూపించాడు.

పెద్ద వేటకు వెళ్లలేం కాబట్టి దగ్గర్లోనే వల వేశాం. కూరకు సరిపడా కవళ్లు పడ్డాయి. మధ్యాహ్నానికే కొన్ని బోట్లు బరువుగా తిరిగొస్తుంటే వాడు అటు చూసి, తల తిప్పేసుకున్నాడు.

అంత నెమ్మదిగా వెళుతుంటే మాట్లాడుకోక ఏం చేస్తాం! వాడి కూతురి చదువు, అమ్మ పోయాక నాన్న అన్నం తగ్గించిన సంగతి, కూలికి వెళ్లిన బోట్లలో పడ్డ మాటలు. చివరిది వాడు కథలా నవ్వుతూ చెప్పాడు. "నాన్నకు ఆరోజే నిజం చెప్పాల్సింది" అన్నాను. వాడు వల ముడి విప్పుతూ, "ఏడాదికోసారి వత్తావు. తిట్టించి పంపాలా?" అన్నాడు.

మూడో రోజు తొమ్మిదో గంటలో వాడే లేచి హ్యాండిల్ నా చేతికిచ్చాడు. నేను వెనక్కి జరిగాను. "పట్టుకో. ఐదు నిమిషాలే" అన్నాడు. తిప్పాను. బోటు ముక్కు లేచింది. ఒక కన్ను గడియారం మీద, ఒకటి నీళ్ల ధార మీద. వాడు ముందు కూర్చుని వెనక్కి తిరిగి చూడనేలేదు. నాలుగు నిమిషాలకే నేను తగ్గించేశాను.

సాయంత్రం ఉప్పుటేరులోకి వచ్చేసరికి నాన్న ఒడ్డున బోర్లించిన తెప్ప మీద కూర్చున్నాడు. మోకాళ్లు పట్టేశాక ఆయనకు అదే కుర్చీ. ఏ బోటు వస్తోందో చప్పుడును బట్టే చెప్పేస్తాడు. తమ్ముడు ఇంజను విప్పి, ఉప్పు పోయేలా మంచినీళ్ల డ్రమ్ములో దించి తిప్పుతున్నాడు. నాన్న కాసేపు తల వంచి ఆ చప్పుడు విన్నాడు.

"బాగా కుదిరింది" అన్నాడు. తర్వాత నావైపు చూడకుండానే అడిగాడు. "ఈయాల హ్యాండిల్ పట్టింది పోయినేడు పట్టినోడేనా?"

తమ్ముడు చేతిలో ఏక్సిలేటర్ ఒక్క క్షణం తగ్గింది.

"అవును నాన్నా, నేనే" అన్నాను.

"ఊ" అన్నాడు నాన్న. "ఆ ట్యాంకు ఇంట్లో పెట్టు. మంచు పడతాది."