వసిష్ఠ దాటి బందరునకు

చిలకలపూడి పాండురంగని దర్శింపఁగోరి కార్తికమున నొకనాఁడు తెల్లవాఱకమున్నే అత్తగారితోను, బిల్లలతోను సఖినేటిపల్లి రేవునఁ బంటెక్కితిమి. సముద్రము చేరువ యగుటచే నచట వసిష్ఠ పోటుపాటుల ననుసరించి పొంగుచుఁ దగ్గుచు నుండును. ఆవలిగట్టు నరసాపురము. అచట రైలెక్కి భీమవరము, కైకలూరుల మీఁదుగా గుడివాడఁ జేరి, బందరు బండికి మాఱితిమి. కిటికీనుండి చూడఁగా వరిపొలములకుఁ బోటీగాఁ జేఁపలచెఱువులు! పెడన రాఁగానే, చెక్కయచ్చులతో నద్దెడు కలంకారీ వస్త్రములకు నెలవిదియే యని పిల్లలకుఁ జెప్పితిమి.

బందరున ఆంగ్లేయులు 1611లో వర్తకస్థానము నెలకొల్పిరి. ఓడలతోఁ గళకళలాడిన యా రేవుపై 1864 నవంబరు 1వ తేదీ రాత్రి యుప్పెన విఱుచుకొనిపడి, సుమారు 30,000 మందినిఁ బొట్టనఁ బెట్టుకొనెను. దర్శనమైన పిదప బందరుకోటకుఁ బోయితిమి. శిథిలమైన గోడలకడ నీ కథ విని అత్తగారు, "ఇల్లిల్లంతయుఁ బోయినపుడు వారికిఁ దిలోదకములు విడుచువా రెవరమ్మా?" యని కన్నీరు పెట్టిరి. గుడిలోఁ బెట్టఁగా మిగిలిన ప్రమిద నచట వెలిగించిరి. గాలికది నిలువలేదు. మా చిన్నది చేతు లడ్డముంచి మరల వెలిగించెను.

పాండురంగని సేవింప నేఁగు సోదరీమణులారా, ఆ కోటకడను గూడ నొక దీపము పెట్టి రండు.