రిజిస్టర్‌లో మా ముత్తాత

మా బల్లార్షాలో చాలా తెలుగు ఇండ్ల పెద్దలు కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కు నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లే. మా ముత్తాత కూడా అట్లనే వచ్చి బొగ్గుబాయిలో ఫిల్లర్‌గా చేరాడు. తట్ట, చెమ్మస్ పట్టుకొని టబ్బుల్లో బొగ్గు నింపే పని. ఒకరోజు పైకప్పు కూలి మీద పడింది. అప్పటికి మా తాతకు ఆరేండ్లు. “సర్కారు బాయిలను తీసుకోకముందే బిడ్డా” అంటాడు తాత. అంటే 1973 కంటే ముందు. అంతకుమించి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక్క ఫొటో కూడా లేదు.

మా సోషల్ సార్‌ని అడిగితే ఒక దారి చెప్పారు. 1952 గనుల చట్టం ప్రకారం గనిలో మనిషి చనిపోతే తనిఖీ అధికారికి తెలియజేయాల్సి ఉండేది. 1923 చట్టం ప్రకారం పరిహారం డబ్బు కమిషనర్ దగ్గర జమ చేయాల్సి ఉండేది. 1948 నుంచి బొగ్గు కార్మికులకు ప్రావిడెంట్ ఫండ్ కూడా ఉంది. ఇవి కాక గనిలో పనివాళ్ల రిజిస్టర్ ఉంటుంది. “ఎక్కడో ఒకచోట కాగితం ఉంటుంది, వెతకండి” అన్నారు.

ఎండాకాలం సెలవుల్లో బాపు, తాత, నేను ఒక పాత ఆఫీసుకు పోయినం. ఇంటిపేరు చెప్పి వెతికిస్తే దొరకలేదు. అప్పుడు తాతకు ఒక ఆలోచన వచ్చింది. మనం ఇంటిపేరు ముందు చెప్తాం. మహారాష్ట్రలో ముందు సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. “మా నాయన చెప్పిన వరుసలోనే గుమాస్తా రాసుకొని ఉంటడు” అన్నాడు. అట్ల చూస్తే దొరికింది. మా ఇంటిపేరు ఆయన పేరైంది, ఆయన పేరు తండ్రి పేరైంది. ఊరి పేరు సరిగ్గానే ఉంది. పని మానిన తేదీ గడిలో 1958 ఆగస్టు అని, పక్కన ‘మృతి’ అని ఉంది. ఇంకో గడిలో వేలిముద్ర.

తాత ఆ వేలిముద్ర మీద తన బొటనవేలు ఆనించి చాలాసేపు ఊరుకున్నాడు.

1975లో చాస్నాలా గనిలోకి నీళ్లు దూకి 375 మంది చనిపోయిన సంగతి పుస్తకాల్లో ఉంది. ఒక్కొక్కరుగా పోయినవాళ్లకు మాత్రం మిగిలేది రిజిస్టర్‌లో ఒక వరుసే. మీ ఇండ్లల్లో బాయికి పోయినవాళ్లుంటే పెద్దలను ఇప్పుడే అడగండి. పేరును రెండు వరుసల్లోనూ రాసుకొని వెతకండి.

మా తాతకు ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. టబ్బులు కలిపేటప్పుడు నలిగినయి. ఏ సంవత్సరం, ఏ షిఫ్టు, పక్కన ఎవరున్నారు, అన్నీ ఆయన చెప్తుంటే నేను నోట్‌బుక్కులో రాసుకున్నాను. మొదటి పేజీలో ఆయన పూర్తి పేరు, ఇంటిపేరు ముందు పెట్టి రాశాను.