పిక్క ఉద్దానానిది, లాభం ఎవరిది?

శ్రీకాకుళం జిల్లా ఈశాన్య కొసన, తూర్పు కనుమలకూ బంగాళాఖాతానికీ నడుమ పరుచుకున్న తోటల సీమ ఉద్దానం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస పక్కపక్కనే పెరుగుతాయి. రెండో కోనసీమ అని పేరు. ఆ పచ్చదనం చూసి, ఇంటి అద్దెలు తక్కువని విని, ఇక్కడ కొద్దిపాటి సంపాదనతోనే బతికేయవచ్చని చాలామంది అనుకుంటారు. సొంతిల్లు, పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు ఉన్నవారికి రోజువారీ ఖర్చు తక్కువే. అయితే ఇక్కడ కుటుంబాలను కుంగదీసేది రోజు ఖర్చు కాదు, జబ్బు ఖర్చు. ఈ పల్లెలను ఏళ్ల తరబడి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్ ఉచితంగా చేసినా, వారంలో రెండు మూడుసార్లు వెళ్లిరావడానికి ఛార్జీలు కావాలి. రోగికీ తోడు వెళ్లినవారికీ ఆ రోజు కూలి పోతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం ప్రారంభమవడం పెద్ద మేలు. వాటివల్ల ఖర్చు తగ్గుతుంది. ఆదాయం పెరగాలంటే మాత్రం జీడితోటల వైపు చూడాలి.

పలాస, కాశీబుగ్గ జీడిపప్పుకు పేరుమోసిన జంట ఊళ్లు. రైతు అమ్మేది పప్పు కాదు, పెంకుతో ఉన్న పిక్క. 80 కిలోల బస్తా ఇక్కడి కొలత. అందులోంచి వచ్చే పప్పు బరువు దాదాపు నాలుగో వంతే. పిక్కను ఉడికించాలి, పెంకు కొట్టాలి, పప్పును వేడిమీద ఆరబెట్టాలి, పొట్టు తీయాలి, చివరికి విరగని గుళ్లనూ విడిపోయిన బద్దలనూ వేరుచేసి గ్రేడు కట్టాలి. పెంకులోని జీడి చర్మానికి తగిలితే కాలుతుంది. పప్పు విరిగితే ధర పడిపోతుంది. అందుకే గుళ్లు ఎన్ని నిలిచాయన్న దాని మీదే లాభం ఆధారపడుతుంది, ఆ గుళ్లను నిలబెట్టేది ఎక్కువగా ఆడవాళ్ల చేతి నేర్పు. ఇంత పనిలో ప్రతి మెట్టులోనూ విలువ పెరుగుతుంది. తొలి మెట్టులోనే సరుకు వదిలేసుకునే రైతుకు ఆ పెరుగుదలలో వాటా లేదు. ఆఫ్రికా పిక్కలు దిగుమతి అవుతున్నందున స్థానిక ధరకు పోటీ కూడా ఎక్కువ. బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని ఉద్దానం రైతులు ఆందోళన చేయడం వెనుక ఉన్న బాధ ఇదే.

ఫ్యాక్టరీలు ఇప్పటికే ఉన్నాయి కదా, కొత్తగా చేయాల్సిందేముందని అడగవచ్చు. ఫ్యాక్టరీ ఉండటం వేరు, రైతుకు బేరమాడే శక్తి ఉండటం వేరు. బాగా ఆరిన పిక్క నెలల తరబడి నిలవుంటుంది. అప్పు తీర్చాల్సిన రైతు మాత్రం కోత కాలంలోనే, అందరితో పాటే అమ్ముతాడు. ఊరి దగ్గర గోదాము, నిల్వ సరుకు మీద తక్కువ వడ్డీకి రుణం ఉంటే ఆ తొందర తప్పుతుంది. రైతు సంఘాలు పెడితే నాలుగు రోజులకే మూతపడతాయన్న అనుమానమూ న్యాయమైనదే. కాబట్టి ఫ్యాక్టరీతో కాక, నిల్వతోనూ ఉమ్మడి అమ్మకంతోనూ మొదలుపెట్టడం మంచిది. పొట్టు తీసేవారి కూలి పెరిగితే పప్పు ధర తట్టుకోలేదనేవారు, నేర్పున్న చేతులు వలసపోతే విరిగే పప్పు నష్టాన్నీ లెక్కలో వేసుకోవాలి.

ఈ జిల్లా తీరంలోని మూలపేట రేవు పూర్తయితే ఉద్యోగాలు వస్తాయని మరో ఆశ. రావాలి కూడా. కానీ ఉద్యోగాల పేరుతో ఏ ప్రాజెక్టైనా సరేనని కాదు. 2010లో సోంపేట బీల చిత్తడి భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. నీటినీ నేలనూ పణంగా పెట్టే పని ఇక్కడ ఎవరూ ఒప్పుకోరని అప్పుడే తేలింది.

తుఫానుల ముప్పునూ మరవకూడదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కూల్చిన కొబ్బరిచెట్ల చోట వేసిన మొక్కలు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. తోటలకు నిజమైన బీమా లేకపోతే ఏ లెక్కా నిలవదు. ఉద్దానంలో బతుకు చవకగా ఉంటే చాలదు. పిక్క పండించిన రైతుకూ, పప్పు విరగకుండా తీసిన కూలికీ న్యాయమైన వాటా అందాలి. వలసపోయిన పిల్లలు తిరిగి రావడానికి కావలసిన మొదటి కారణం అదే.