చేను ఊపిరి బిగబట్టిన వేళ

వరికి నీళ్లంటే ప్రాణం. మరి అదే నీటిలో మునిగితే ఎందుకు చచ్చిపోతుంది? వరదొచ్చిన ప్రతిసారీ గోదావరి డెల్టా రైతును వేధించే ప్రశ్న ఇది. ఓ తాతయ్యకు మనవరాలి దగ్గర దానికి జవాబు దొరికింది.

ఆరో రోజుకి ముసురు విడిచింది. తెల్లారేసరికి కోనసీమలోని ఆ ఊరి రైతులంతా చేలగట్ల మీదున్నారు. వాళ్లలో డెబ్బై దాటిన ఓ పెద్దాయన. తన మూడెకరాల్లో సార్వా ఊడ్పులు పూర్తయి ఇరవై రోజులే అయింది. గోదావరి పోటు మీద ఉండటంతో మురుగు కాలువ చేలో నీటిని లాగలేదు సరికదా, వెనక్కి ఎగదన్నింది. ఆకు కొన కూడా కనబడకుండా పైరు మునిగిపోయింది. ఇప్పుడు నీరు తీస్తుంటే పాలిపోయి, సాగిలబడి బయటపడుతోంది.

'దున్నేసి మళ్లీ ఊడ్చుకోవడమే బాబాయ్' అన్నాడు పక్క చేను రైతు.

మళ్లీ ఊడ్పులంటే మాటలా! ఆకుమడిలో నారు మిగల్లేదు. కొనాలన్నా, కూలీలను పెట్టాలన్నా మళ్లీ అప్పే. పోనీ ఆగుదామా అంటే, పైరు తేరుకోకపోతే అదును కాస్తా దాటిపోతుంది. ఎటూ తేల్చుకోలేక ఇంటి దగ్గరున్న మనవరాలికి కబురుపెట్టాడు. ఆ అమ్మాయి వ్యవసాయ డిప్లొమా చదువుతోంది.

'వరి పెరిగేదే నీళ్లలో కదే అమ్మలూ. నీళ్లకే చచ్చిపోవడమేంటే?'

'నీళ్లెక్కువై కాదు తాతయ్యా... గాలందక!' అంటూ గట్టు దిగిందా అమ్మాయి.

వేరుకీ గాలి కావాలి

పెరట్లో మిరప మొక్క మొదట్లో రెండు రోజులు నీరు నిలిస్తే చాలు, వడలిపోతుంది. వరి మాత్రం నెలల తరబడి నీళ్లలోనే హాయిగా ఉంటుంది. ఆ కిటుకంతా లోపలి నిర్మాణంలో ఉంది. వేరు కూడా ఊపిరి తీస్తుంది. మామూలు నేలలో మట్టిరేణువుల సందుల్లోని గాలి దానికి అందుతుంది. నీరు నిలిస్తే ఆ సందులు మూసుకుపోతాయి. ఆక్సిజన్ గాలిలో కన్నా నీటిలో సుమారు 10 వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది మరి!

ఈ చిక్కు నుంచి వరి తనకు తానే దారి వెతుక్కుంది. తామర తూడును విరిస్తే లోపల బెజ్జాలు కనిపిస్తాయి కదా... అలాంటివే మరింత సన్నని గాలి గొట్టాలు వరి ఆకుల నుంచి వేళ్ల దాకా ఉంటాయి. ఆకుకు అందిన గాలి వాటి గుండా బురదలోని వేళ్లకు చేరుతుంది. దుబ్బు పీకినప్పుడు పాత వేళ్లకు తుప్పు రంగు కనిపించడం రైతులకు తెలిసిందే. వేళ్ల నుంచి బయటికొచ్చిన ఆక్సిజన్ తగిలి బురదలోని ఇనుము నిజంగానే తుప్పు పడుతుంది. అంటే వేరుకు ఊపిరి అందుతోందన్నమాట. అదే వేరు నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తే ప్రమాదమే.

ఎర్ర నీటితోనే ముప్పు

ఆకు కొన నీటిపైన ఉన్నంతసేపూ వరికి ముక్కు బయట ఉన్నట్టే. నిండా మునిగితేనే కష్టాలు మొదలవుతాయి. అయినా వెంటనే చావదు. ఆకు మీది మైనపు పూత వల్ల నీళ్లలోనూ దాన్ని పల్చటి గాలిపొర అంటిపెట్టుకుని ఉంటుంది. నీరు తేటగా ఉంటే ఎండ తగిలి, ఆకు కాస్తో కూస్తో ఆహారాన్నీ ఆక్సిజన్‌నూ తయారుచేసుకుంటుంది. కానీ గోదావరి తెచ్చేది ఎర్ర నీరు. అందులోని ఒండ్రు వెలుతురును అడ్డుకుంటుంది. వాన నీటికన్నా వరద నీరు పైరును త్వరగా దెబ్బతీసేది అందుకే.

మరో ఇబ్బందీ ఉంది. పళ్లను మగ్గబెట్టే ఎథిలీన్ వాయువు మొక్కలోనూ తయారవుతుంది. మామూలుగా గాలిలో కలిసిపోయే ఆ వాయువు, మునిగిన మొక్కలో బయటికి పోలేక పేరుకుపోతుంది. దాంతో మొక్క నీటిపైకి తేలాలని ఆబగా సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా అందుకే ఖర్చుపెట్టేస్తుంది. తీరా నీరు తీసేసరికి నిలబడే ఓపిక లేక పడిపోతుంది.

ఒడిశా దేశవాళీ వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్ 13ఎ రకం తీరు వేరు. అది సాగదు. ఉన్న బలాన్ని దాచుకుని కదలకుండా కూర్చుంటుంది. దానికి కారణమైన 'సబ్ 1ఎ' జన్యువును శాస్త్రవేత్తలు 2006లో వెల్లడించారు. ఆ గుణాన్ని మన స్వర్ణకే ఎక్కించారు. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టి, 1982లో విడుదలైన ఎంటీయూ 7029 రకమే స్వర్ణ. దాన్నుంచి వచ్చిన 'స్వర్ణ సబ్ 1' 2009లో మనదేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా ముంపును ఓర్చుకోగలదది.

పెద్దాయన చేలో ఉన్నది మామూలు స్వర్ణ. అదీ ఆరు రోజులు మునిగింది!

నీళ్లలో ఉన్నా దాహమే

'నీరు తీసింది కదా, ఇంకా ఎందుకే ఆకులు వాడిపోతున్నాయి?' తాతయ్య మరో సందేహం.

ఆకులకుండే సన్నని రంధ్రాల్లోంచి నీరు ఆవిరవుతూ ఉంటుంది. ఆ లాగుడుకే వేళ్ల నుంచి నీరు పైకెక్కుతుంది. వేరు పీల్చిన నీటిలో 95 శాతానికి పైగా ఇలా గాలిలో కలిసేదే. ఊపిరాడక నీరసించిన వేళ్లు నీటిని సరిగా అందించలేవు. పైన ఎండేమో ఆవిరి చేసేస్తుంటుంది. దాంతో కాళ్ల దగ్గర నీళ్లున్నా మొక్క దాహంతో వాడిపోతుంది.

అమ్మాయి నాలుగు చోట్ల దుబ్బులు పీకి మొదళ్లు నొక్కి చూసింది. మెరకన ఉన్నవి గట్టిగా ఉన్నాయి. చీలిస్తే లోపల తెల్లగా ఉంది. పల్లంలోవి మాత్రం మెత్తగా చితికిపోయాయి.

'నాలుగు రోజులు ఆగుదాం తాతయ్యా. మొవ్వులోంచి కొత్తాకు వస్తే బతికినట్టే. అప్పటిదాకా యూరియా జోలికెళ్లకు.'

ఆ నాలుగు రోజులూ ఆయనకి కంటి మీద కునుకు లేదు. అయిదో రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే, రెండెకరాలకు పైగా మెరక చేలో సూదుల్లా లేత ఆకులు! కాలువ పక్క పల్లం మాత్రం దక్కలేదు. బతికిన దుబ్బుల్లోంచి పిలకలు చీల్చి అక్కడ నాటించాడు. ఆ తర్వాతే చేలో ఎరువు వేశాడు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాకి నీళ్లొచ్చాయి. ఆ నీళ్లు పొలంలోకి రావడం ఎంత ముఖ్యమో, పోవడమూ అంతే ముఖ్యం. మర్నాడు పక్క చేను రైతునూ వెంటబెట్టుకుని పెద్దాయన మురుగు కాలువలోకి దిగాడు. గుర్రపుడెక్క లాగి గట్టున పడేస్తూ మనవరాలితో అన్నాడు...

'ఇన్నేళ్లూ చేనుకి నీళ్లు పెట్టడమే సేద్యమనుకున్నానే అమ్మలూ. ఊపిరాడనివ్వడం కూడానన్నమాట!'