పాముబొమ్మ

బి.ఏ. చదివే రోజుల్లో నేనొక గేయం రాశాను. అప్పిచ్చేవాణ్ణి పాముతో పోల్చి, రైతు చేతికి కర్ర ఇచ్చి, ఆఖరి చరణంలో పాముని చంపించాను. కళాశాల సభలో చదివితే చప్పట్లు మోగాయి. ఈమధ్య ఒక మిత్రుడు సంకలనం వేస్తూ ఆ గేయం పంపమన్నాడు. పంపేవాణ్ణే. ఇంతలో అమెరికా చరిత్ర పుస్తకంలో ఒక బొమ్మ నా కంటబడింది.

1836లో న్యూయార్కులో అచ్చయిన వ్యంగ్యచిత్రమది. అనేక తలల పాము. అన్నింటికన్న పెద్ద తల నికొలస్ బిడిల్‌ది, ఫిలడెల్ఫియాలోని సంయుక్తరాష్ట్రాల బ్యాంకుకి పెద్ద ఆయన. ఎదురుగా దేశాధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్, చేతికర్ర మీద వీటో అన్న మాట. తెలుగు మేష్టర్ని గదా, కాళీయమర్దనం గుర్తొచ్చింది.

ఆ కోపం ఉత్తుత్తి కోపం కాదు. 1816లో 20 ఏళ్ల గడువుతో పుట్టిన ఆ బ్యాంకు మూలధనం 3 కోట్ల 50 లక్షల డాలర్లు. అందులో ప్రభుత్వం వాటా అయిదో వంతే. ప్రభుత్వ సొమ్ము దాని గల్లాలో, పెత్తనం ధనికుల చేతిలో. 1791లో హామిల్టన్ మొదటి బ్యాంకు పెట్టించినప్పుడే, రాజ్యాంగంలో ఈ అధికారం ఎక్కడుందని జెఫర్సన్ అడిగాడు. రెండో బ్యాంకుకి 1836 దాకా గడువున్నా, హెన్రీ క్లే మాట విని బిడిల్ 1832లోనే పొడిగింపు కోరాడు. ఎన్నికల ఏడు గనక జాక్సన్ జంకుతాడని వాళ్ల లెక్క. జూలై 10న జాక్సన్ బిల్లు తిప్పికొట్టాడు, ఎన్నికల్లో క్లేనీ ఓడించాడు.

ఆ వీటో సందేశం చదివి పరవశించానని ఒప్పుకుంటాను. ధనవంతులు ప్రభుత్వాన్ని స్వార్థానికి వంచుకుంటున్నారనీ, రైతులూ చేతిపనివాళ్లూ కూలీలూ అన్యాయమై పోతున్నారనీ ఒక దేశాధ్యక్షుడు అనడం మాటలా!

గాని, తరవాత జరిగింది చూడండి. 1833లో ప్రభుత్వ సొమ్ము అక్కణ్ణించి మళ్లించమంటే ఖజానా కార్యదర్శి డ్వేన్ ఒప్పుకోలేదు. అతన్ని తీసేసి టేనీని కూచోబెట్టి పని కానిచ్చారు. ఆ సొమ్ము వెళ్లింది కూలివాడి గుడిసెకి కాదు, రాష్ట్రాల బ్యాంకులకి. పెంపుడు బ్యాంకులని ఆనాటి జనమే పేరు పెట్టారు. బిడిల్ తక్కువ తిన్నాడా? ఆ శీతకాలం అప్పులు బిగించి వ్యాపారాల్ని కుదేలు చేశాడు. పామన్నందుకు బుసకొట్టి చూపించాడు.

అసలు సంగతి ఇది. రాష్ట్రాల బ్యాంకులు చేతికొచ్చినన్ని నోట్లు అచ్చేసేవి. పెద్ద బ్యాంకు ఆ నోట్లు పోగుచేసి పట్టుకెళ్లి, వెండి బంగారాలు ఇమ్మని అడిగేది. ఆ భయమే వాటికి పగ్గం. ఇప్పుడది తెగింది. కూలీ చేతికొచ్చేవి ఆ నోట్లే. దూరపు బ్యాంకు నోటుకి అంగడివాడు పూర్తి విలువ కట్టడు, తరుగు తీస్తాడు. ఆ తరుగు ఎవరి కడుపులోంచి పోయిందో చెప్పనక్కర్లేదు. 1837 మేలో న్యూయార్కు బ్యాంకులు నోట్లకి నాణేలివ్వడమే మానేశాయి. అంతా జాక్సన్ వల్లనే అనను. ఇంగ్లండు అప్పులు బిగించింది, పత్తి ధర పడిపోయింది.

పత్తి అన్నాక పత్తి ఏరినవాళ్ల మాట రావాలి. బొమ్మలో వాళ్లు లేరు. కర్ర పట్టుకున్న జాక్సన్ 1845లో చనిపోయేనాటికి సుమారు 150 మంది బానిసలకి యజమాని. అమెరికన్ ఇండియన్లని సొంత నేల మీంచి వెళ్లగొట్టిన 1830 చట్టం మీద సంతకం ఆయనదే. నల్లవాళ్లు ఆ దేశపు పౌరులు కానేరరని 1857లో తీర్పు చెప్పింది ఆ టేనీయే. ఇక పాము చావనూ లేదు. మడుగు విడిచిన కాళీయుడికి రమణకద్వీపం దొరికినట్టు, బిడిల్‌కి పెన్సిల్వేనియా రాష్ట్రం చార్టరిచ్చింది. 1841లో గాని ఆ బ్యాంకు మూతపడలేదు.

నా గేయం మళ్లీ తీసి చదివాను. అందులో రైతు మా నాన్నగారే. అప్పులవాడి చేతిలో ఆయన పడ్డ అవమానం నిజం, నా కళ్లారా చూశాను. ఆయన చేలో కలుపు తీసిన ఆడకూలీలకి డబ్బు నెలల తరబడి ఆగేదన్నదీ నిజమే. ఆ లెక్కల పుస్తకం రాసింది నేను. గేయంలో ఎక్కడా ఆ ఆడవాళ్లు లేరు.

మిత్రుడు నిన్న మళ్లీ ఫోను చేశాడు. ఇంకో వారం ఆగమన్నాను.