చిన్నోడికి ఆ పరీక్ష చేయించాలా?

‘ఇంత చిన్నపిల్లకు షుగరేంది?’

జహీరాబాద్‌లో మా అక్క వాళ్లింటికి ఎవరొచ్చినా అడిగే మాట ఇదే. ఆ వెంటనే సలహాలు. అన్నం మానిపించి జొన్నరొట్టె పెట్టండి, కొర్రలు వండండి... అని. పక్కనే పస్తాపూర్ మరి! చిరుధాన్యాలకు పేరుమోసిన ఊరు. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. మా జొన్నల మీద నాకూ గౌరవమే. కానీ మా మేనకోడలి జబ్బు తిండితో వచ్చిందీ కాదు, తిండితో పోయేదీ కాదు.

అది టైప్-1 మధుమేహం. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే దారితప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను చంపేస్తుంది. కంచే చేను మేసినట్టన్నమాట. ఇక మిగిలేది సూదే. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. నూరేళ్లు దాటినా మా పిల్లకు అదే దిక్కు, రోజుకు నాలుగుసార్లు. ఎండాకాలం కరెంటు పోయిందంటే అక్క పాల సంగతి మరచిపోయి ముందు ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ తీస్తుంది. తడి ఇసుక నింపిన కుండ ఎప్పుడూ సిద్ధం.

ఈమధ్య ఫోన్ చేసి, ‘చిన్నోడికి రాకుండ మందు దొరికిందంటున్నరు, నిజమేనారా తమ్మీ? నువ్వు పేపరోడివి గద!’ అంది.

సగం నిజం. ఆ మందు పేరు టెప్లిజుమాబ్. 2022 నవంబరులో అమెరికా అనుమతించింది. బీటా కణాల మీద దాడికి దిగే టి-కణాలను పట్టుకుని వాటి జోరు తగ్గిస్తుంది. సెలైన్‌లా నరంలోకి, వరసగా 14 రోజులు ఎక్కిస్తారు. అయితే ఆ అనుమతి జబ్బు బయటపడినవాళ్ల కోసం ఇచ్చింది కాదు. రక్తంలో కనీసం రెండు రకాల యాంటీబాడీలు కనిపించి, చక్కెర కాస్త తేడా చేసి, లక్షణాలింకా రానివాళ్లకు. అదీ ఎనిమిదేళ్లు నిండితేనే. 2019లో ఫలితాలు వెలువడిన ప్రయోగంలో 76 మంది పాల్గొన్నారు. అందరూ టైప్-1 రోగుల బంధువులే. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో సగంమందికి రెండేళ్లలో జబ్బు బయటపడితే, అసలు మందు తీసుకున్నవారిలో అందుకు నాలుగేళ్లు పట్టింది. అంటే వాయిదా!

వాయిదానేనా అని అక్క తీసిపారేయలేదు. ‘రెండేండ్లంటే ఎన్ని సూదులురా?’ అంది. రోజుకు నాలుగు చొప్పున 2,920.

ధర చెబితే బావకు మాట రాలేదు. అమెరికాలో మొదట ప్రకటించిన ధర 14 రోజులకు 1,93,900 డాలర్లు. మన డబ్బుల్లో కోటిన్నర పైమాటే. ‘కొనలేని మందుకు పరీక్షెందుకు? తెలుసుకొని ఏడ్వనీకా?’ అన్నాడు కాసేపటికి. కాదనలేం. పైగా తోబుట్టువులకు వచ్చే అవకాశం నూటికి ఐదు దరిదాపుల్లోనే.

అయినా నేను అక్క పక్షమే. మూడేళ్ల కిందట మేనకోడలికి ఒకటే దాహం, రాత్రి పక్క తడపడం... ఎండల వల్లే అనుకున్నారు. వాంతులు, ఎగశ్వాస మొదలయ్యాక బొంబాయి రోడ్డు మీద వంద కిలోమీటర్లు హైదరాబాద్‌కు పరుగు. రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయాయన్నారు. రెండు రోజులు ఐసీయూ. చిన్నోడికి యాంటీబాడీలున్నాయని ముందే తెలిస్తే, ఇంట్లో ఉన్న గ్లూకోమీటర్‌తోనే కనిపెట్టుకుని ఉండొచ్చు. అంతదాకా రానివ్వనక్కర్లేదు. లేవంటే అక్క కొన్నాళ్లయినా నిద్రపోతుంది.

బావ అరమనసుతో ఒప్పుకున్నాడు. దసరా సెలవుల్లో తీసుకెళ్లాలి. ఎనిమిదేళ్ల చిన్నోడికి సూది సంగతి ఇంకా చెప్పలేదు. చార్మినార్ చూపిస్తామని మాత్రం చెప్పారట.